పాత పికప్ ఇంజన్ మిస్సింగ్ (సిలిండర్ సరిగ్గా మండకపోవడం): ముందు పంపు దింపాలా, పైపులు చూడాలా?

రాయచోటి_లోడ్:
అన్నలారా, నాది 2007 మోడల్ డీజిల్ పికప్. నాలుగు సిలిండర్లు, సిలిండర్లకు డీజిల్ కొట్టే పంపు కంప్యూటర్ లేని పాతది. ఎర్రగుంట్ల నుంచి సిమెంటు మూటలు తోలుకుంటా. మూడు నెలలుగా రెండు తిప్పలు. పొద్దున చాలాసేపు సెల్ఫ్ కొట్టాలి. లేచాక ఐదు నిమిషాలు ఇంజన్ ఊగిపోతుంది, తెల్లపొగ. రెండోది, గువ్వలచెరువు ఘాట్‌లో లోడుతో థర్డ్ గేర్‌లో తొక్కితే బండి ఒక్క క్షణం బిగుసుకుపోయి, జర్క్ కొట్టి, అప్పుడు లాగుతుంది. ఒక మెకానిక్ డీజిల్ ఫిల్టర్, నాలుగు నాజిళ్లు (ఇంజెక్టర్ కొసన డీజిల్ చిమ్మేవి) మార్చాడు. 9,000 అయింది, తేడా లేదు. ఇంకొకాయన పంపు దింపి కాలిబ్రేషన్‌కు (డీజిల్ కొలత సరిచేయడానికి) పంపాలంటున్నాడు, 18,000 చెప్పాడు. దింపమంటారా?

పంపు_మేస్త్రీ:
దింపించు. ముప్పై ఏళ్లు పంపుల పనే చేశాను. ఇన్నేళ్లు తిరిగిన పంపు అరగకుండా ఉండదు. లోపల డీజిల్‌ను నెట్టే ప్లంజర్ అరిగితే ఒక్కో సిలిండర్‌కు ఒక్కో కొలత డీజిల్ పోతుంది, ఐడిలింగ్‌లో (తొక్కకుండా వదిలినప్పుడు) ఊగేది అందుకే. లోడు మీద కావాల్సినంత అందదు, జర్క్ కొడుతుంది. కొత్త నాజిళ్లు పాత పంపుకు వేస్తే ఫలితం ఉండదు. రెండూ కలిపి బెంచి మీద సెట్ చేయాలి.

తాడిపత్రి_ట్రాలీ:
అన్నా, పంపు ముట్టుకోవద్దు. ముందు ఫిల్టర్‌కూ పంపుకూ మధ్య రబ్బరు పైపు తీసి, డీజిల్‌కు ఆగే తెల్ల ట్రాన్స్‌పరెంట్ పైపు ఒక అడుగు వెయ్యి. స్టార్ట్ చేసి చూడు. బుడగలు పోతుంటే పంపు తప్పు కాదు, ఎయిర్ పడుతోంది. నేను 22,000 పెట్టి పంపు చేయించుకున్నా. బండి వచ్చింది, అదే మిస్సింగ్. చివరికి ఫిల్టర్ మీద బోల్టు కింది కాపర్ వాషర్. పది రూపాయలు. ఆ నెల కిస్తీ కట్టలేక మా ఆవిడ గాజులు తాకట్టు పెట్టాను. ఈ సంగతి ఎక్కడ వచ్చినా రాస్తాను.

కావలి_డ్రైవర్:
2020 ఏప్రిల్ నుంచి డీజిల్‌లో సల్ఫర్ 10 పీపీఎంకు తగ్గించారు. పాత పంపులకు జిడ్డు చాలడం లేదు. ట్యాంకులో కొంచెం టూ-టి ఆయిల్ కలుపు.

పంపు_మేస్త్రీ:
ఎయిర్ లీకైతే ఆ చోట డీజిల్ తడి కనిపిస్తుంది. ఈయన అలా చెప్పలేదు.

తాడిపత్రి_ట్రాలీ:
కనిపించదు మేస్త్రీ గారూ. ట్యాంకు నుంచి పంపు దాకా డీజిల్‌ను పీల్చుకునే లైను. ఇంజన్ తిరుగుతుంటే గాలి లోపలికి పోతుంది గానీ డీజిల్ బయటికి రాదు. బండి నిలబెట్టాక ఆ సందులోంచే గాలి దూరి, లైన్లో డీజిల్ రాత్రంతా వెనక్కి ట్యాంకులోకి జారిపోతుంది. అందుకే పొద్దున అంత సెల్ఫ్. రాయచోటి అన్నా, ఒక్కటి చెప్పు. ఘాట్ ఎక్కి, వేడి మీద ఆపి మళ్లీ కొడితే వెంటనే లేస్తుందా?

రాయచోటి_లోడ్:
పైన కోవా అంగళ్ల దగ్గర రోజూ ఆపుతా. బానెట్ మీద చెయ్యి పెట్టలేం, అంత వేడి. తాళం తిప్పితే ఒక్క దెబ్బకు లేస్తుంది.

తాడిపత్రి_ట్రాలీ:
అరిగిన పంపయితే తిరగబడాలి కదా. వేడికి డీజిల్ పలచబడి, అరిగిన సందుల్లోంచి కారిపోయి, వేడి మీదే స్టార్టింగ్ కష్టం కావాలి. ఈయనకు చల్లగా ఉన్నప్పుడే కష్టం.

పంపు_మేస్త్రీ:
తెల్లపొగకు వంద కారణాలు. టైమింగ్ లేటయినా వస్తుంది, కంప్రెషన్ తగ్గినా వస్తుంది. పది రూపాయల వాషర్ ఒక్కటి పట్టుకుని అన్ని బండ్లకూ అదే మందు రాయకు.

మదనపల్లె_టమాట:
ట్యాంకు మూత గాలి రంధ్రం మూసుకుపోయినా ఘాట్‌లో ఇలాగే ఆగుతుంది. మూత వదులు చేసి ఒక ట్రిప్పు తోలి చూడన్నా.

కావలి_డ్రైవర్:
సల్ఫర్ గురించి ఎవరూ మాట్లాడరేం?

పంపు_మేస్త్రీ:
కంపెనీలు జిడ్డు కోసం వేరే మందు కలిపే పంపుతాయి. ఆ మాట వదిలెయ్.

డల్లాస్_ట్రక్:
ఇక్కడ నా పాత పెట్రోల్ ట్రక్ ఇలాగే జర్క్ కొట్టింది. స్కానర్ పెడితే పీ0304 అని వచ్చింది, నాలుగో సిలిండర్ మిస్‌ఫైర్. నాలుగో కాయిల్‌ను (ప్లగ్గుకు కరెంటు ఇచ్చేది) రెండో దాంట్లోకి మార్చాను, కోడ్ పీ0302కు మారింది. కాయిలే అని తేలింది. షాపులో అయితే ముందు డయాగ్నసిస్ ఫీజు కట్టాలి, పార్ట్ మార్చినా మార్చకపోయినా. మన దగ్గర వెతకకుండానే పార్టులు మార్చేస్తారు, అదే బాధ.

పంపు_మేస్త్రీ:
ఇప్పుడు అసలు మాట వచ్చింది కాబట్టి చెబుతాను. వెతకకుండా మార్చేస్తారా? వెతికినందుకు మీలో ఎవరు డబ్బులిచ్చారు? ఒకాయన బండి కింద మధ్యాహ్నం నుంచి పొద్దుగూకే దాకా పడుకున్నాను. ప్రతి జాయింటూ విప్పాను, ట్యాంకు జాలీ కడిగాను, ఒక క్లిప్పు బిగించాను. బండి బాగైంది. 400 అడిగితే ‘క్లిప్పుకు నాలుగొందలా’ అని నలుగురిలో నవ్వి, యాభై చేతిలో పెట్టి పోయాడు. అదే మనిషి తర్వాతి ఏడాది ఇంకో చోట 15,000 బిల్లు కట్టి, వాడు గొప్ప మేస్త్రీ అన్నాడు. పార్ట్ చేతికొస్తేనే మీరు డబ్బు తీస్తారు. మెకానిక్కు ఇల్లు గడవాలి, పార్టే మారుస్తాడు. రాయచోటీ, ఆ 9,000లో కూలి ఎంత?

రాయచోటి_లోడ్:
600. అబద్ధం చెప్పను మేస్త్రీ గారూ. అంతకుముందు ఒక పిల్లోడు గంటసేపు పైపులన్నీ పట్టి చూశాడు. ఏమీ మార్చలేదని టీ తాగించి పంపించా.

తాడిపత్రి_ట్రాలీ:
మీ కష్టం కాదనను. కానీ నా 22,000 ఎవరు తిరిగిస్తారు? ఆ పంపు బాగుందని తెలిసీ విప్పారు.

పంపు_మేస్త్రీ:
తెలిసి విప్పారని నీకెలా తెలుసు? ఎదుట నిలబడి చూశావా?

మదనపల్లె_టమాట:
ఇద్దరూ తగ్గండి. ఆయన బండి సంగతి చూద్దాం.

రాయచోటి_లోడ్ (మూడు రోజుల తర్వాత):
తెల్ల పైపు వేశా. స్టార్ట్ చేయగానే సన్న బుడగలు, రేజ్ చేస్తే ముత్యాల్లాగా వరస. ఐదు లీటర్ల క్యానులో డీజిల్ పోసి, ఇంజన్ కన్నా ఎత్తులో కట్టి నేరుగా పంపుకు ఇస్తే ఒక్క బుడగ లేదు. ఒక్కో జాయింటూ చూసుకుంటూ వస్తే హ్యాండ్ ప్రైమర్ (చేత్తో నొక్కి డీజిల్ ఎక్కించేది) దగ్గర తేలింది, లోపలి రబ్బరు చీలింది. కొత్తది వేశా. పొద్దున రెండు తిప్పులకే లేస్తోంది. ఘాట్‌లో బిగుసుకోవడం పోయింది. కానీ ఐడిలింగ్‌లో ఇంకా కొద్దిగా ఊగుతోంది.

తాడిపత్రి_ట్రాలీ:
చెప్పానా! ఇంక పంపు జోలికి పోవద్దు.

పంపు_మేస్త్రీ:
సంతోషం, ఎయిర్ సంగతి ఒప్పుకుంటున్నా. ఊగేది మాత్రం ఎయిర్ కాదు. ఐడిలింగ్‌లో పెట్టి, 17 పానాతో ఇంజెక్టర్ పైపు నట్లు ఒక్కొక్కటి పావు తిప్పు వదులు చేసి, మళ్లీ బిగించు. ఏది వదిలితే ఇంజన్ శబ్దం మారదో ఆ సిలిండర్ పని చేయడం లేదు. చెయ్యి, మొహం దూరంగా పెట్టు, కళ్లద్దాలు పెట్టుకో. చదివే వాళ్లందరికీ: కామన్ రైల్ బండ్లకు (కంప్యూటర్‌తో నడిచే కొత్త రకం డీజిల్ ఇంజన్లకు) ఇది చేయొద్దు. అక్కడ వెయ్యి బార్ పైన ప్రెషర్ ఉంటుంది, డీజిల్ చర్మం లోపలికి దిగిపోతుంది.

రాయచోటి_లోడ్:
చూశా. 1, 2, 4 వదిలితే ఇంజన్ కుంటుతోంది. 3 వదిలితే ఏ తేడా లేదు.

పంపు_మేస్త్రీ:
3వ ఇంజెక్టర్‌ను 1లో, 1ది 3లో వెయ్యి. కింద కొత్త కాపర్ వాషర్లు తప్పకుండా వెయ్యాలి. మిస్సింగ్ 1కి మారితే కొత్త నాజిలే చెడ్డది. 3లోనే ఉంటే వాల్వులు, కంప్రెషన్ చూపించు. అవి బాగుంటేనే పంపు.

తాడిపత్రి_ట్రాలీ:
ఈ మాట మొదటి రోజే చెప్పుంటే ఇంత గొడవ ఉండేది కాదు.

పంపు_మేస్త్రీ:
మొదటి రోజు ఆయన అడిగింది పంపు దింపాలా అని. ఎలా వెతకాలని అడగలేదు.

రాయచోటి_లోడ్:
ఇంజెక్టర్ మార్చడం నా వల్ల కాదు. టీ తాగించి పంపిన ఆ పిల్లోడికి ఫోన్ చేశా, ఆదివారం వస్తానన్నాడు. చూసినందుకు 500 ఇస్తానని ముందే చెప్పా. ఏ సిలిండరో సోమవారం రాస్తా.