సెప్టెంబరు 26 'లాలాగూడ సాయంత్రం': వాలంటీర్ల చర్చ, పనుల పంపకం

కన్వీనర్, జూన్ 14

అందరికీ నమస్తే. ఆదివారం మీటింగుకు రాలేనివాళ్ల కోసం ఇక్కడ పెడుతున్నా. సికింద్రాబాద్, కాజీపేట, గుంతకల్, బిట్రగుంట రైల్వే కాలనీల చుట్టూ ఉండిపోయిన ఆంగ్లో ఇండియన్ పెద్దవాళ్ల కోసం ఈసారి మన తెలుగు సంఘం, ఇంగ్లండ్‌లో ఇక్కడి స్లౌ చుట్టుపక్కల ఉంటున్న ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు కలిసి ఒక సాయంత్రం చేస్తున్నాం. భోజనం, డ్యాన్స్, హౌసీ (తంబోలా). లక్ష్యం చిన్నదే: పన్నెండు మందికి ఏడాదిపాటు నెలకు 5,000 రూపాయలు.

తేదీ గురించి. ఆ కుటుంబాల ఆంటీ వాళ్లు ముందు ఆగస్టు 2 అడిగారు. 1935లో గవర్నమెంట్ ఆఫ్ ఇండియా చట్టానికి రాజు ఆమోదం వచ్చింది ఆ రోజే కాబట్టి ప్రపంచమంతా ఆంగ్లో ఇండియన్ దినంగా జరుపుకుంటారు. కానీ ఆగస్టు మొదటి వారంలో మనవాళ్లు సగం మంది ఇండియాలో ఉంటారు, ఇక్కడ హాల్లో కుర్చీలు వేసేదెవరు? వినాయక చవితి అయిపోయాక, మహాలయ పక్షాలు మొదలయ్యేలోపు దొరికిన శనివారం సెప్టెంబరు 26. వాళ్లూ సరే అన్నారు.

కొత్త సభ్యుడు, జూన్ 14

కన్వీనర్ అక్కా, తప్పుగా అనుకోకండి. మన తెలుగు బడికి పుస్తకాల డబ్బే ప్రతి ఏడూ కటకట. పైగా దేశం మొత్తం మీద ఆంగ్లో ఇండియన్లు 296 మందే ఉన్నారని పార్లమెంటులోనే చెప్పారు కదా. అంత తక్కువ మంది కోసం ఇంత హడావుడా?

కన్వీనర్, జూన్ 15

అడిగింది మంచిదే తమ్ముడూ. ఇది చాలామంది మనసులో ఉంది, నోరు తెరిచి అడిగింది నువ్వొక్కడివే.

ఆ 296 అనేది 2011 జనాభా లెక్కలది. 2019 డిసెంబరులో చట్టసభల్లో వాళ్లకున్న నామినేటెడ్ సీట్లు తీసేసేటప్పుడు ప్రభుత్వం ఆ అంకె చెప్పింది. ఆంగ్లో ఇండియన్ సంఘాలు అప్పుడే ఒప్పుకోలేదు. సికింద్రాబాద్‌లో ఒక్క సౌత్ లాలాగూడ, మెట్టుగూడ వీధులు ఎరిగినవాళ్లెవరైనా ఆ అంకె చూసి నవ్వుతారు. రాజ్యాంగ 104వ సవరణ 2020 జనవరి 25 నుంచి అమల్లోకి వచ్చింది. లోక్‌సభలో ఇద్దరు, మన రాష్ట్రాల అసెంబ్లీల్లో ఒక్కొక్కరు నామినేట్ అయ్యే పద్ధతి దాంతో పోయింది. ఆసుపత్రి బెడ్డు కావాలన్నా, పెన్షన్ కాగితం కదలాలన్నా 'మా ఎమ్మెల్యే' అని వెళ్లడానికి ఉన్న ఒక్క గుమ్మం అది.

ఇక వీళ్లు మనకేమవుతారు అంటే, నిజాం రైల్వే లాలాగూడ వర్క్‌షాపు పెట్టింది 1893లో. ఇంజను డ్రైవర్లు, గార్డులు, ఫోర్‌మన్‌లు చాలామంది వీళ్లే. స్వాతంత్ర్యం తర్వాత రైల్వే, కస్టమ్స్, పోస్టల్, టెలిగ్రాఫ్ ఉద్యోగాల్లో వాళ్లకున్న ప్రత్యేక వాటాను రాజ్యాంగం 336వ అధికరణం కింద రెండేళ్లకోసారి పది శాతం చొప్పున తగ్గిస్తూ పదేళ్లకు పూర్తిగా తీసేసింది. అది సబబే కావచ్చు, వాదించను. కానీ ఆ పదేళ్లలోనూ ఆ తర్వాతా ఓడెక్కగలిగినవాళ్లు ఇంగ్లండ్, ఆస్ట్రేలియా, కెనడా వెళ్లిపోయారు. వెళ్లలేనివాళ్లు మిగిలారు. రిటైరైన రోజు క్వార్టరు ఖాళీ చేయాలి, సొంత ఇల్లు లేదు. ప్రైవేటు ఆఫీసుల్లో టైపిస్టులుగా, చిన్న స్కూళ్లలో టీచర్లుగా చేసినవాళ్లకు పెన్షన్ అనే మాటే లేదు. ఇప్పుడు ఎనభైల్లో ఉన్నారు. ఇంట్లో మాట్లాడేది ఇంగ్లీషు, కూరగాయల బండి దగ్గర బేరమాడేది మన తెలుగు. మనవాళ్లు కాదంటే నాకు నోరు రాదు.

తెలుగు బడి డబ్బు ముట్టుకోం. అది వేరే ఖాతా.

బిట్రగుంట అమ్మాయి, జూన్ 15

అక్కా నేనున్నా! మా తాతయ్య బిట్రగుంట లోకో షెడ్డులో ఫైర్‌మన్. ఆయన పనిచేసిన ఇంజను డ్రైవరు ఆంగ్లో ఇండియన్. క్రిస్మస్‌కి వాళ్లింటి నుంచి కేకు, సంక్రాంతికి మా ఇంటి నుంచి అరిసెలు. స్టీమ్ ఇంజన్లు పోయాక షెడ్డూ పోయింది, కాలనీ ఖాళీ అయింది. నాకు ఏ పని ఇచ్చినా చేస్తా, వంట తప్ప.

ట్రెజరర్, జూన్ 17

ఆవేశాలు బాగున్నాయి, లెక్కలు కూడా చూద్దాం.

12 మంది × 5,000 × 12 నెలలు = 7,20,000 రూపాయలు. పౌండుకు 110 అని తక్కువ వేసుకుంటే సుమారు 6,550 పౌండ్లు. రేటు పెరిగితే మంచిదే, తగ్గితే ఇబ్బంది పడకూడదు.

ఒక్క సాయంత్రంతో ఇది రాదు. టికెట్టు 20 పౌండ్లు, 110 మంది వస్తే 2,200. హాలు 450, భోజనం 750, బ్యాండు 300 పోతే మిగిలేది 700. లక్కీ డ్రా, హౌసీ, పిండివంటల స్టాలు, విరాళాల డబ్బా కలిపి ఇంకో 1,300 అనుకుందాం. మొత్తం 2,000. మిగతా 4,500 ఎక్కడిది?

నా సలహా: నెలకు పది పౌండ్లు స్టాండింగ్ ఆర్డరు పెట్టే ముప్పై మందిని పట్టుకోండి. ఏడాదికి 3,600. మనది రిజిస్టర్డ్ చారిటీ కాబట్టి, ఇక్కడ పన్ను కట్టేవాళ్లు ఫారం మీద సంతకం పెడితే పౌండుకు 25 పెన్నీలు ఇక్కడి ప్రభుత్వం నుంచి గిఫ్ట్ ఎయిడ్‌గా వస్తుంది. అంటే ఇంకో 900. సరిపోయింది. గుర్తుంచుకోండి, గిఫ్ట్ ఎయిడ్ విరాళానికే. భోజనం టికెట్టుకూ లక్కీ డ్రా టికెట్టుకూ రాదు.

అందుకే నా దృష్టిలో ఈ కార్యక్రమం డబ్బు పోగేసేది కాదు, ఆ ముప్పై మందిని పోగేసేది. ప్రతి టేబుల్ మీద ఫారం, పెన్ను ఉండాలి. పెన్నుల్లేక పోయిన ఏడు ఎన్ని ఫారాలు ఖాళీగా వచ్చాయో నాకు తెలుసు.

మెట్టుగూడ అన్న, జూన్ 17

ట్రెజరర్ గారూ, ఇంత తిరకాసు ఎందుకండీ? మా బావమరిది మెట్టుగూడలోనే ఉంటాడు, నమ్మకస్తుడు. వాడి అకౌంటుకి వేసేద్దాం, ఇంటింటికీ వెళ్లి చేతికిచ్చి వస్తాడు.

ట్రెజరర్, జూన్ 18

అన్నా, మీ బావమరిది మీద నాకు అనుమానం లేదు. ఆయన్ని చిక్కుల్లో పెట్టడం ఇష్టం లేదు.

మన సంఘం ఇండియా చట్టం లెక్కలో విదేశీ దాత. మనం పంపే డబ్బు విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, అంటే ఎఫ్‌సీఆర్‌ఏ కిందికి వస్తుంది. తీసుకునే ట్రస్టుకు ఆ రిజిస్ట్రేషన్ ఉండాలి, లేదా ముందస్తు అనుమతి ఉండాలి. 2020 సవరణ తర్వాత డబ్బు ముందు ఢిల్లీ స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలో వాళ్ల పేరున ఉన్న ఎఫ్‌సీఆర్‌ఏ ఖాతాలోనే పడాలి. అక్కడి నుంచి వాళ్లు లబ్ధిదారులకు ఇవ్వొచ్చు కానీ ఇంకో సంస్థకు దాటించకూడదు. అంటే హైదరాబాద్‌లో ఒక పెద్ద సంస్థకిచ్చి, వాళ్లు కాజీపేటలో చిన్న సంస్థకిచ్చే పాత పద్ధతి ఇక కుదరదు. ఆఫీసు ఖర్చులకు 20 శాతం మించకూడదు. అంతకుముందు 50 ఉండేది.

కన్వీనర్ గారు మాట్లాడిన సికింద్రాబాద్ ట్రస్టు రిజిస్ట్రేషన్ నంబరు అడిగి తీసుకున్నా. హోంశాఖ సైటులో ఎప్పటిదాకా చెల్లుతుందో చూశా. సెప్టెంబరులో ఒకసారి, డబ్బు పంపే రోజు ఉదయం ఇంకోసారి చూస్తా. ఇక్కడి చారిటీ కమిషన్ కూడా 'డబ్బు ఎవరికిచ్చారు, ఎలా సరిచూశారు' అని అడిగే హక్కున్న సంస్థే.

కొత్త సభ్యుడు, జూన్ 18

నాది ఇంకా ఇండియన్ పాస్‌పోర్టే. నేను కూడా విదేశీ దాతనేనా?

ట్రెజరర్, జూన్ 18

కాదు. భారత పౌరులు ఎక్కడున్నా, సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే విదేశీ విరాళం కాదు. నువ్వు ట్రస్టు మామూలు ఖాతాకే పంపొచ్చు, వాళ్లు పాస్‌పోర్టు కాపీ అడుగుతారు. ఓసీఐ కార్డున్న మా బోటి బ్రిటిష్ పాస్‌పోర్టు వాళ్లు మాత్రం విదేశీయుల కిందే లెక్క. అయితే నేరుగా పంపితే గిఫ్ట్ ఎయిడ్ రాదు. మన ద్వారా వేస్తే నీ పది పౌండ్లు పన్నెండున్నర అవుతాయి. ఆలోచించుకో.

బిట్రగుంట అమ్మాయి, జూన్ 21

ఆ పన్నెండు మంది పేర్లు ఎవరు ఖరారు చేస్తారు? అడగడానికి కారణముంది. గుంతకల్‌లో ఒకావిడ ఉన్నారు, అమ్మ ఆంగ్లో ఇండియన్, నాన్న తెలుగాయన. రూల్ ప్రకారం ఆవిడ ఆంగ్లో ఇండియన్ కాదంటున్నారు ఎవరో.

కన్వీనర్, జూన్ 21

రాజ్యాంగం 366(2) ప్రకారం తండ్రి వైపు మగ వరసలో యూరోపియన్ మూలం ఉండాలి. తల్లి వైపు లెక్కలోకి రాదు. ఆవిడ ఆ ఇంట్లోనే పుట్టి, ఆ చర్చికే వెళ్లి, ఆ రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లోనే డ్యాన్స్ చేసి పెరిగినా సరే.

మనం సీట్లు పంచడం లేదు కదా, మందుల డబ్బులిస్తున్నాం. నా అభిప్రాయం: ఆ సమాజంలో బతికి, ఇవాళ ఆదాయం లేని పెద్దవాళ్లెవరైనా సరే. ట్రస్టుకు ఇదే రాసి పంపా, వాళ్లకూ అభ్యంతరం లేదు. పోస్టరు మీద కూడా ఆ మాటే ఉండాలి. పోస్టరు మీద ఏ పని అని చెప్పి వసూలు చేస్తామో ఆ పనికే ఖర్చుపెట్టాలి. అందుకే 'ఎక్కువ వస్తే రెండో ఏడాదికి వాడతాం, తక్కువ వస్తే మందిని తగ్గిస్తాం' అని కింద చిన్న అక్షరాల్లో అయినా వేయండి.

పేర్లు మనకు రావు. నంబర్లే వస్తాయి. కావాలనే అలా అడిగా.

మెట్టుగూడ అన్న, జూన్ 22

పేర్లు లేకపోతే జనం డబ్బులెలా ఇస్తారమ్మా? బావమరిది వెళ్లి నాలుగు ఫోటోలు తీసి పంపిస్తాడు. ఆ ఇల్లు, ఆ మంచం, ఆ మందుల డబ్బా చూస్తే రాళ్లైనా కరుగుతాయి. స్క్రీను మీద వేద్దాం. చివర్లో పెద్ద చెక్కు పట్టుకుని మనందరం ఒక ఫోటో.

కన్వీనర్, జూన్ 22

అన్నా, ఈ ఒక్క విషయంలో నేను మెత్తబడను. ఆ హాల్లో కూర్చునేవాళ్లలో సగం మంది ఆ వీధుల నుంచి వచ్చినవాళ్లు. స్క్రీను మీద కనిపించేది వాళ్ల చిన్నప్పటి టీచరమ్మ కావచ్చు, వాళ్ల నాన్నతో పనిచేసిన గార్డు కావచ్చు. ఇస్త్రీ గౌను లేకుండా గుమ్మం దాటని తరం అది. వాళ్ల మంచం ఫోటో తీసి మనం బిర్యానీ తింటూ చూస్తామా? ఒక ఆంటీ నాతో సూటిగా అన్నారు, 'ఫోటోలు వేస్తే మేం రాం' అని.

స్క్రీను కావాలంటే లాలాగూడ వర్క్‌షాపు, ఇన్‌స్టిట్యూట్, స్టీమ్ ఇంజన్ల పాత ఫోటోలు వేద్దాం. ఇక్కడి కుటుంబాలు వాళ్ల ఆల్బమ్‌లు ఇస్తామన్నాయి. స్కాన్ చేసే పని మీకే ఇస్తున్నా, మీకంటే బాగా ఆ వీధులు గుర్తుపట్టేవాళ్లు ఇక్కడెవరూ లేరు. చెక్కు ఫోటో లేదు.

మెట్టుగూడ అన్న, జూన్ 22

సరేలే తల్లీ. స్కానర్ ఎవరి దగ్గరుంది?

వంటల టీమ్, జూన్ 28

మెనూ ఇదీ. పసుపు రంగు కొబ్బరి అన్నం, బాల్ కర్రీ (కీమా ఉండల కూర), చికెన్ జల్ఫ్రెజీ, మిరియాల చారు. ఈ చారును వాళ్లు పెప్పర్ వాటర్ అంటారు, అన్నంలో కలుపుకుని పక్కన వేపుడు పెట్టుకుంటారు, అచ్చం మనలాగే. శాకాహారులకు పప్పు, బంగాళదుంప కూర. కీమా మేకదే, గొడ్డుమాంసం వద్దని రెండు వైపులా అనుకున్నాం. స్టాలు మీద గులాబీ పువ్వులు, గవ్వలు. గవ్వల్ని వాళ్లు కల్‌కల్స్ అని క్రిస్మస్‌కి చేస్తారు. మనం బెల్లం పాకంలో వేస్తాం, వాళ్లు పంచదార పాకంలో. రెండూ పెట్టి ఏవి ముందు అయిపోతాయో చూద్దాం.

ప్రతి వంట ముందు 14 రకాల అలర్జీ పదార్థాల్లో ఏవి ఉన్నాయో చీటీ పెట్టాలి. గులాబీ పువ్వుల్లో గోధుమపిండి, గుడ్డు, పాలు ఉంటాయి. కొబ్బరి ఆ 14లో లేదు, అయినా రాద్దాం. ఇంటి నుంచి వండి తెచ్చేవాళ్లు దయచేసి ముందు రోజు రాత్రి అన్నం వండి బయట పెట్టకండి.

ఆటల టీమ్, జూలై 3

హౌసీ మీద అందరూ పడ్డారు కాబట్టి నిబంధనలు చదివా. లైసెన్సు లేకుండా మంచి పని కోసం ఆడించుకోవచ్చు, కానీ మనిషికి ఆ రోజు మొత్తం 8 పౌండ్లు మించకూడదు, బహుమతులన్నీ కలిపి 600 పౌండ్లు మించకూడదు, డబ్బు దేనికో ముందే చెప్పాలి. మనం మనిషికి ఐదు పౌండ్లే పెడుతున్నాం. అంకెలు ఒక ఆంటీ ఇంగ్లీషులో పిలుస్తారు, నేను తెలుగులో అందుకుంటా.

లక్కీ డ్రా టికెట్లు హాల్లోనే, ఆ రోజే అమ్మాలి. అలా అయితే లైసెన్సు అక్కర్లేదు. ఆఫీసులో ముందే అమ్మిపెడతానని ఒకరు అన్నారు, వద్దు. వచ్చిన డబ్బులోంచి బహుమతులకు 500, ఖర్చులకు 100 పౌండ్లకు మించి తీయకూడదు. మనం బహుమతులు ఎలాగూ అడిగి తెచ్చుకుంటాం.

కన్వీనర్, జూలై 5

బార్ గురించి చెప్పడం మర్చిపోకముందే: మందు అమ్మాలంటే కౌన్సిల్‌కు తాత్కాలిక ఈవెంట్ నోటీసు ఇవ్వాలి. ఫీజు 21 పౌండ్లు, కనీసం పది పనిదినాల ముందు. నోటీసిచ్చిన రోజూ కార్యక్రమం రోజూ ఆ పదిలోకి రావు. చివరిదాకా చూడకుండా ఆగస్టులోనే వేసేద్దాం. మన కమిటీలో కొందరికి మందు ఇష్టం లేదని తెలుసు. అంకుల్స్‌కి మాత్రం ఒక పెగ్గు లేకుండా వాల్ట్‌జ్ ఆడమంటే కాళ్లు కదలవట. బార్ వాళ్ల కుటుంబాలే చూసుకుంటాయి, మూలగా ఉంటుంది, పిల్లల టేబుళ్లు అవతల.

డ్యాన్స్ విషయం. మనవాళ్లకు జైవ్ రాదని టెన్షన్ పడొద్దు. ఏడు గంటలకు అరగంట నేర్పుతారు. కూచిపూడి ఐటమ్ పెడదామన్న ప్రతిపాదన వచ్చింది. పది నిమిషాలు ఒక్కటే, ఇది వాళ్ల సాయంత్రం.

ఇంకా ఖాళీగా ఉన్న పనులు: కారు లేని పెద్దవాళ్లను ఇళ్ల నుంచి తీసుకొచ్చి దిగబెట్టడానికి నలుగురు డ్రైవర్లు, రాత్రి పదకొండు తర్వాత హాలు ఊడ్చడానికి ఆరుగురు, గిఫ్ట్ ఎయిడ్ ఫారాలు పట్టుకుని టేబుళ్ల చుట్టూ తిరగడానికి మొహమాటం లేని ఇద్దరు.

బిట్రగుంట అమ్మాయి, జూలై 5

ఫారాలు నాకివ్వండి. పెన్నులు కూడా నేనే కొంటా, ట్రెజరర్ గారూ, బిల్లు పంపిస్తా.

కొత్త సభ్యుడు, జూలై 6

డ్రైవింగ్‌కి నన్ను రాసుకోండి అక్కా, ఏడు సీట్ల బండి ఉంది. స్టాండింగ్ ఆర్డరు నిన్న పెట్టేశా, సంఘం ఖాతాకే.

ట్రెజరర్, జూలై 6

చూశా. రెఫరెన్సులో 'లాలాగూడ' అని రాయలేదు, మార్చు. లేకపోతే తెలుగు బడి ఖాతాలో కలిసిపోతుంది. ఇంకా ఇరవై తొమ్మిది మంది కావాలి.