బడిలో పిల్లలకి దెబ్బ తగిలితే బాధ్యత ఎవరిది?

ఇద్దరు_పిల్లలమ్మ:
మా చిన్నోడు మూడో తరగతి. పోయిన వారం ఆటల పీరియడ్‌లో వేలాడే కడ్డీల మీద నుంచి పడి మోచేయి పైన ఎముక విరిగింది. పిల్లలన్నాక పడతారు, అది నాకూ తెలుసు. నాకు మింగుడుపడనిది వేరే ఉంది. పొద్దున పడితే నాకు ఫోన్ వచ్చింది బడి వదిలే ముందు. అప్పటిదాకా వాడు చెయ్యి ఒళ్లో పెట్టుకుని క్లాసులో కూర్చున్నాడు, ఏడవట్లేదు కదా పెద్ద దెబ్బ కాదనుకున్నారట. నేను వెళ్లేసరికి వేళ్లు చల్లగా, పాలిపోయి ఉన్నాయి. మర్నాడు వెళ్లి ఆ కడ్డీల దగ్గర నిలబడి చూశాను. కింద ఎప్పుడో ఇసుక పోసినట్టున్నారు, తొక్కి తొక్కి అది సిమెంటు గచ్చులా గట్టిపడింది, మధ్యలో ఒక కడ్డీ చేత్తో పట్టుకుంటే గిర్రున తిరుగుతోంది. అడిగితే అడ్మిషన్ ఫారం తీసి నా సంతకం చూపించారు. ఆటల్లో తగిలే గాయాలకు యాజమాన్యం బాధ్యత వహించదని ఉంది అందులో. ఆ సంతకంతో అంతా అయిపోయినట్టేనా? బాధ్యత టీచర్‌దా, బడిదా, నాదా?

గేటు_బయట_నాన్న:
ఇందులో చర్చేముందండీ, గేటు దగ్గర దించిన దగ్గర్నుంచి మళ్లీ మన చేతికి అప్పజెప్పేదాకా బాధ్యత వాళ్లదే. మనల్ని లోపలికి రానివ్వరు, ఏం జరుగుతోందో చూడనివ్వరు, తీరా దెబ్బ తగిలితే "మీ వాడు అల్లరి" అంటారు. ఆ టైంలో డ్యూటీలో ఉన్న టీచర్ మీద యాక్షన్ తీసుకోవాలి. ఒక్కరికి గట్టిగా తగిలితే మిగతావాళ్లు జాగ్రత్తగా ఉంటారు.

సుద్దముక్క:
నేను టీచర్ని, ప్రైమరీ పిల్లలకి చెప్తాను. అన్నా, మీ కోపం అర్థమైంది కానీ మీరు చెప్పినట్టు చేస్తే ఏమవుతుందో కూడా చెప్తా వినండి. మొదట ఆపేసేది ఆటలు. కడ్డీలకి తాళ్లు కట్టేస్తారు, పరిగెత్తొద్దంటారు, ఇంటర్వెల్‌లో కూడా బెంచీల్లోనే కూర్చోబెడతారు. గ్రౌండ్‌లో ఒక మూల ఇద్దరు కొట్టుకుంటుంటే విడదీయడానికి వెళ్తాను, అప్పుడు నా వీపు మిగతా ముప్పై మంది వైపు ఉంటుంది, ఎవరికైనా అంతే. ఆ క్షణంలో పడినవాడికి నేను నేరస్తురాలినా? కడ్డీ వదులైందని రాసి ఇస్తాం, బాగుచేయించే డబ్బు మా చేతిలో ఉండదు. ఇంతమందికి ఒక్కర్నే పెట్టిందెవరు, అదీ మేం కాదు. పాప/బాబు పడిపోయిన రోజు రాత్రి మాకూ నిద్ర పట్టదండీ, అది ఎవరికీ కనపడదు.

ఇద్దరు_పిల్లలమ్మ:
మేడం, ఆ టీచర్ మీద నాకు కోపం లేదు. తను కొత్తగా చేరిన అమ్మాయి, నన్ను చూసి ఏడ్చేసింది. మాకు ఎప్పుడు ఫోన్ చేయాలో ఆఫీసులో అడగాలట, ఆఫీసువాళ్లు "చూద్దాంలే" అన్నారట.

నల్లకోటు:
లాయర్‌ని. ముందు సంతకం సంగతి. దేశాన్ని బట్టి చట్టం మారుతుంది కాబట్టి ఇక్కడ ఒక్క మాటలో తేల్చలేం, కానీ ఆ వాక్యం రాసినంత మాత్రాన నిర్లక్ష్యం మాఫీ అయిపోతుందని బడులు అనుకోవడం సరికాదు. ఇంగ్లండ్‌లో 1977 చట్టం వచ్చినప్పటి నుంచి నిర్లక్ష్యం వల్ల వచ్చిన మరణానికి, శరీర గాయానికి "మాకు బాధ్యత లేదు" అని రాసుకున్నా చెల్లదు. ఆటలో మామూలుగా ఉండే ప్రమాదానికి మీరు ఒప్పుకున్నారేమో, తిరిగే కడ్డీకి, గట్టిపడిన నేలకి ఒప్పుకోలేదు కదా.

ఇక టీచరా, బడా అన్నదానికి ఒక పాత కేసు చెప్తాను, 1955లో బ్రిటన్ హౌస్ ఆఫ్ లార్డ్స్ (అప్పట్లో అక్కడ అన్నిటికన్నా పై కోర్టు అదే) తీర్పు. నర్సరీ బడిలో నాలుగేళ్లు కూడా నిండని పిల్లాడు. టీచర్ వాణ్ణి బయటికి తీసుకెళ్లబోతుంటే ఇంకో పిల్లాడికి దెబ్బ తగిలి వచ్చాడు, కట్టు కట్టడానికి ఆవిడ కొద్ది నిమిషాలు లోపలే ఉండిపోయింది. ఈలోగా వీడు గేటు తీసుకుని రోడ్డు మీదికి వెళ్లిపోయాడు. వాణ్ణి తప్పించబోయి లారీ డ్రైవర్ స్తంభాన్ని గుద్ది చనిపోయాడు, ఆయన భార్య కేసు వేసింది. కోర్టు టీచర్ తప్పు లేదంది, దెబ్బ తగిలిన పిల్లాణ్ణి చూడటం ఆవిడ పనే. కానీ బడి నడిపే స్థానిక సంస్థ బాధ్యురాలంది, అంత చిన్నపిల్లాడు తీయగలిగేలా గేటు ఎందుకుంది అని. సుద్దముక్క గారు అడిగిన ప్రశ్నకి జవాబు ఇందులో ఉంది. ఆ క్షణంలో ఎవరు ఎటు చూస్తున్నారన్నది ఒక్కటే లెక్క కాదు, ముందుగా సరిచేయగలిగింది ఎవరు అన్నది కూడా చూడాలి.

గేటు_బయట_నాన్న:
అంటే టీచర్ ఎప్పుడూ తప్పించుకోవచ్చన్నమాట.

నల్లకోటు:
కాదండీ. 1893లో ఇంకో ఇంగ్లిష్ కేసు ఉంది, పిల్లల చేతికి అందేచోట ఫాస్ఫరస్ ఉంచారు, అది అంటుకుని పిల్లాడు కాలాడు, ఆ మాస్టారు బాధ్యుడే అన్నారు. జాగ్రత్తగల తండ్రి తన బిడ్డ విషయంలో ఎలా ఉంటాడో అలా ఉండాలన్న కొలత అక్కడి నుంచే వచ్చింది. మరోవైపు 2005లో ఆస్ట్రేలియా హైకోర్టు (అక్కడ అన్నిటికన్నా పై కోర్టు అదే) ముందుకి వచ్చిన కేసు చూడండి. ఎనిమిదేళ్ల పాప తీగ మీద జారే ఆట ఆడుతుంటే ఇద్దరు పిల్లలు కాళ్లు పట్టి లాగారు, పడి ముఖానికి దెబ్బ తగిలింది. ఇంకొకర్ని ముట్టుకోకూడదన్న నియమం బడిలో ఉంది, పిల్లలకి చెప్పారు కూడా, టీచర్ గ్రౌండ్‌లోనే ఉంది, ఆ కాసేపు అటు చూడలేదంతే. బడి తప్పు లేదని కోర్టు తేల్చింది. ప్రతి క్షణం కళ్లప్పగించి కాపలా కాస్తే పిల్లల్లో బాధ్యత పెరగదని కూడా చెప్పింది.

వెనక_బెంచీ:
ఆ కాళ్లు లాగిన పిల్లల గురించి ఎవరూ మాట్లాడరేం? నేను అటువైపు తల్లిని. మా అబ్బాయి తోస్తే ఇంకో బాబు పన్ను విరిగింది. ఆ రోజు నుంచి వాట్సాప్ గ్రూపులో మా వాడి పేరు పెట్టి రౌడీ అని రాశారు, ఏడేళ్ల పిల్లాడండీ. మేం వాళ్లింటికి వెళ్లి క్షమాపణ చెప్పాం, వైద్యం ఖర్చు ఇస్తామన్నాం. బడి మాత్రం "అది మీరూ మీరూ చూసుకోండి" అని తప్పుకుంది. నీళ్ల కుళాయి ఒక్కటే ఉంది, అందరికీ ఒకేసారి గంట కొడతారు, అక్కడ రోజూ తోపులాటే. ఆ సంగతి ఎవరూ అడగలేదు, దొరికింది మా వాడు.

గేటు_బయట_నాన్న:
అక్కా, పిల్లాణ్ణి రౌడీ అనడం తప్పే, ఒప్పుకుంటా. కానీ తోసింది తోసినట్టే కదా.

నల్లకోటు:
ఏడేళ్ల పిల్లాడి నుంచి ఏడేళ్ల పిల్లాడి తెలివినే ఆశించాలి, చాలాచోట్ల చట్టం అదే అంటుంది. తల్లిదండ్రుల సంగతికొస్తే దేశానికో తీరు. ఫ్రాన్స్‌లో మైనర్ పిల్లలు చేసిన నష్టానికి తల్లిదండ్రులు చాలా కఠినంగా బాధ్యులవుతారు. అదే ఫ్రాన్స్‌లో టీచర్ తప్పుంటే 1937 నుంచి పరిహారం కోసం టీచర్ మీద కేసు వేయడానికి లేదు, ప్రభుత్వం మీద వేయాలి.

బడి_నడిపేవాణ్ణి:
అందరూ యాజమాన్యాన్ని వేలెత్తి చూపిస్తున్నారు కాబట్టి మా వైపు కూడా వినండి. చిన్న బడి మాది. ఇసుక మార్పించాలి, బోల్టులు బిగించాలి, నిజమే, అది మా పనే, దానికి సాకు చెప్పను. కానీ పిల్లలకి ఫిట్స్ ఉన్నా, ఆస్తమా ఉన్నా ఫారంలో రాయని తల్లిదండ్రులు ఉన్నారు. సీటు ఇవ్వరేమోనని దాస్తారు. ఒక పాపకి ఇంటర్వెల్‌లో ఊపిరాడక మెలికలు తిరిగిపోతే అప్పుడు తెలిసింది ఆస్తమా ఉందని, బ్యాగులో ఇన్‌హేలర్ కూడా లేదు. ఇచ్చిన నంబరుకి ఫోన్ చేస్తే స్విచాఫ్. అప్పుడు బాధ్యత ఎవరిది?

ఇద్దరు_పిల్లలమ్మ:
అది తల్లిదండ్రులదే సార్, నేను కాదనను. కానీ సీటు ఇవ్వరన్న భయం వాళ్లకి ఎందుకొచ్చిందో అది కూడా అడగాలి మీరు.

కట్లు_కట్టే_చెయ్యి:
నేను ఎముకల వార్డులో నర్సుని. మీరంతా పడకముందు సంగతి మాట్లాడుతున్నారు, పడిన తర్వాత గంట గురించి నేను చెప్తా, ఎందుకంటే మా దగ్గరికి ఆలస్యంగా వచ్చే పిల్లల్ని చూసి చూసి కడుపు రగిలిపోతుంది.

చెయ్యి చాచి పడినప్పుడు మోచేయి పైన ఎముక విరగడం చిన్నపిల్లల్లో చాలా మామూలు. ఆ ఎముకకి సరిగ్గా ముందు నుంచే ముంజేతికి రక్తం తీసుకెళ్లే నాళం, నరాలు వెళ్తాయి. విరిగిన ముక్క వాటిని నొక్కితే అరచెయ్యి చల్లబడుతుంది, వేళ్లు పాలిపోతాయి, తిమ్మిరెక్కుతాయి. అలా ఉందంటే అది సాయంత్రం దాకా ఆగే కేసు కాదు, వెంటనే ఆస్పత్రికి రావాలి. లాగి సరిచేయబోవద్దు, ఏ కోణంలో ఉంటే అలాగే ఆనించి పెట్టి తీసుకురండి. ఆపరేషన్ పడొచ్చు కాబట్టి తినడానికి, తాగడానికి ఏమీ ఇవ్వకండి. ఏడవట్లేదు కాబట్టి ఫర్వాలేదనుకోవడం ఎంత ప్రమాదమో! బాగా నొప్పిగా ఉన్న పిల్లలు ఒక్కోసారి కదలకుండా, మాట్లాడకుండా కూర్చుంటారు, అదే మాకు ఎక్కువ టెన్షన్.

పన్ను ఊడితే ఇంకోలా. పాలపన్ను అయితే మళ్లీ పెట్టకూడదు. శాశ్వతమైన పన్ను అయితే తెల్లగా కనపడే పైభాగం పట్టుకోవాలి, వేరు ముట్టుకోకూడదు, మట్టి ఉంటే ఒక్కసారి నీళ్లతో కడగాలి, రుద్దొద్దు. కుదిరితే అక్కడే గుంటలో పెట్టేయాలి, లేకపోతే పాలలో వేసి డెంటిస్టు దగ్గరికి పరిగెత్తాలి. అరగంటలో చేరితే పన్ను నిలిచే అవకాశం బాగుంటుంది, గంట దాటి పొడిగా ఉండిపోతే చాలా తగ్గిపోతుంది. కాగితంలో చుట్టి జేబులో పెట్టి తెస్తారు, ఏం చేస్తాం. తలకి తగిలితే ఆ రోజు మళ్లీ ఆటకి పంపొద్దు. పదేపదే వాంతులు, మత్తు, తలనొప్పి పెరగడం, మాట తడబడటం కనిపిస్తే అమ్మానాన్న వచ్చేదాకా ఆగకుండా తీసుకొచ్చేయండి.

ఇవి తెలిసిన మనిషి బడిలో ఒక్కరైనా ఎప్పుడూ ఉండాలి. పడటం ఆపలేకపోవచ్చు, ఇది మాత్రం ఆపగలం కదా.

సుద్దముక్క:
ఇది ప్రింట్ తీసి స్టాఫ్‌రూంలో అంటిస్తానండీ. కానీ ఒక మాట. మా దగ్గర ఫోన్ ఆలస్యంగా చేయడానికి కారణం ఎప్పుడూ నిర్లక్ష్యమే కాదు. ఫోన్ చేస్తే గొడవ అవుతుంది, గొడవ అయితే ఎవరో ఒకర్ని తీసేస్తారు, అందుకని "కాసేపు చూద్దాం, తగ్గిపోతుందేమో" అంటారు. భయపెట్టినకొద్దీ దాస్తారు. గేటు బయట అన్న అడిగిన యాక్షన్ వల్ల జరిగేది ఇదే.

నల్లకోటు:
అందుకే కొన్ని దేశాలు వైద్యం ఖర్చుని తప్పు నుంచి విడదీశాయి. జర్మనీలో 1971 నుంచి బడి పిల్లలందరికీ చట్టబద్ధమైన ప్రమాద బీమా ఉంది. బడిలో గానీ, బడికి వచ్చే దారిలో గానీ దెబ్బ తగిలితే వైద్యం ఆ బీమా చూసుకుంటుంది, ఎవరి తప్పో తేలేదాకా ఆగక్కర్లేదు. దానికి బదులుగా, కావాలని చేస్తే తప్ప, బడి మీదో టీచర్ మీదో తోటి పిల్లాడి మీదో గాయానికి పరిహారం కేసు మామూలుగా వేయడం కుదరదు. న్యూజీలాండ్‌లో 1974 నుంచి ప్రమాదాలన్నిటికీ దాదాపు ఇలాంటి పద్ధతే. వెనక బెంచీ అక్కకి జరిగినట్టు రెండు కుటుంబాలు ఒకరి ముఖం ఒకరు చూసుకోలేని పరిస్థితి చాలావరకు తప్పుతుంది.

గేటు_బయట_నాన్న:
డబ్బు బీమా ఇచ్చేస్తే ఇక బడికి భయమేముంటుంది? కడ్డీ ఎందుకు బిగిస్తారు? ఆ అమ్మకి కావాల్సింది డబ్బా? పొద్దున పడితే సాయంత్రం దాకా ఎందుకు చెప్పలేదన్నదానికి జవాబు కావాలి. ఎవరూ జవాబుదారీ కాకపోతే అది పద్ధతే కాదు నా దృష్టిలో.

నల్లకోటు:
జర్మనీలో జవాబుదారీ పోలేదండీ. తీవ్రమైన నిర్లక్ష్యం ఉంటే ఆ బీమా సంస్థే బాధ్యుల దగ్గర తన ఖర్చు రాబట్టుకోవచ్చు. పైగా ఖర్చు తను భరిస్తుంది కాబట్టి ప్రమాదాలు తగ్గించమని బడుల వెంట పడుతుంది కూడా. బయటివాళ్లకి అప్పజెప్పాం అని తప్పించుకోవడం కూడా అంత తేలిక కాదు. బడి ఏర్పాటు చేసిన ఈత క్లాసులో, బయటి సంస్థ చూసుకుంటుండగా పదేళ్ల పాప మునిగి మెదడు దెబ్బతింది. చదువులో భాగంగా పెట్టిన క్లాసు కాబట్టి ఆ బాధ్యత వేరేవాళ్లకి బదిలీ కాదని 2013లో బ్రిటన్ సుప్రీంకోర్టు చెప్పింది.

బడి_నడిపేవాణ్ణి:
బీమా సంగతి ప్రభుత్వాలు చూడాలి, రేపు పొద్దున నేను చేయగలిగింది చెప్పండి.

సుద్దముక్క:
దెబ్బల రిజిస్టర్ పెట్టండి సార్. ఎంతకి పడ్డారు, ఎక్కడ, ఎవరు చూశారు, ఏం చేశారు, ఇంటికి ఎంతకి ఫోన్ చేశారు. "అల్లరి చేస్తూ పడ్డాడు" అని రాయనివ్వకండి, "మూడో కడ్డీ తిరిగి చెయ్యి జారింది" అని రాయించండి. మొదటి దాంట్లో పిల్లాడి తప్పు తప్ప ఏమీ కనపడదు, రెండోది చదివితే ఏం బాగుచేయించాలో మీకే తెలుస్తుంది. ఫోన్ చేయడానికి టీచర్ ఎవర్నీ అడగక్కర్లేదని కూడా రాసి సంతకం పెట్టండి.

గేటు_బయట_నాన్న:
ఆ పేజీ కాపీ అదే రోజు తల్లిదండ్రుల చేతికి ఇస్తేనే నేను నమ్ముతా. లోపల బీరువాలో పెట్టుకునే రిజిస్టర్ ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

బడి_నడిపేవాణ్ణి:
ఇస్తాను. వేరే పిల్లల పేర్లు ఉంటే మాత్రం కొట్టేసి ఇస్తాను, ఆ విషయంలో మీరు ఎంత అడిగినా కుదరదు.

వెనక_బెంచీ:
ఆ ఒక్క మాట మా బడివాళ్లు అని ఉంటే మా వాడు ఇప్పుడు ఇంకో బడిలో ఉండేవాడు కాదు సార్.