హైవే మీద కుడి లేను వదలని లారీలు: కారు నడిపేవాళ్లు ఏం చేయాలి?

ప్రశ్న అడిగినవారు: నందిగామ అల్లుడు

ఉద్యోగరీత్యా హైదరాబాదులో ఉంటున్నాను. అత్తవారి ఊరు నందిగామ కావడంతో 65వ నంబరు జాతీయ రహదారి మీద తరచుగా కారులో వెళ్లివస్తుంటాను. నాలుగు లేన్ల రోడ్డు, మధ్యలో డివైడరు ఉన్నా, చౌటుప్పల్ దాటింది మొదలు కోదాడ దాకా ఒకటే తంతు. ఎడమ లేను ఖాళీగా కనిపిస్తున్నా లారీ కుడి లేనులోనే యాభై, అరవై వేగంతో పోతుంటుంది. హారన్ కొట్టినా, లైటు కొట్టినా పక్కకు జరగదు. విసుగెత్తి ఎడమ వైపు నుంచి దాటబోతే సరిగ్గా అప్పుడే అది కూడా ఎడమకు రావడం మొదలుపెడుతుంది. మొన్నామధ్య చిట్యాల దగ్గర ఇలాగే జరిగితే, పక్కన కూర్చున్న మా మామగారు "వాళ్లతో మనకెందుకు బాబూ, వెనకాలే పోదాం" అన్నారు. వెనకాలే పోతే, మన వెనక వచ్చే ప్రైవేటు బస్సు డిక్కీకి ఆనుకున్నట్టే వస్తుంది.

లారీ డ్రైవర్లను తిట్టించడానికి ఈ ప్రశ్న వేయడం లేదు. అటువంటి చర్చలు ఇప్పటికే చాలా చదివాను, వాటిలో తిట్లు తప్ప మరేమీ మిగలలేదు. లారీ నడిపినవాళ్లు, లారీలు ఉన్నవాళ్లు ఎవరైనా ఉంటే అసలు కుడి లేను ఎందుకు వదలరో, మా కారు మీకు కనపడాలన్నా మీరు సైడు ఇవ్వాలన్నా మేము ఏం చేయాలో చెప్పగలరా?

జవాబు: పాత స్టీరింగు

చాలా ఏళ్లు లారీ నడిపి, ఇప్పుడు జగ్గయ్యపేట నుంచి సిమెంటు లోడ్లకు బండ్లు తిప్పుతున్నాను కాబట్టి నాకు తెలిసినంతవరకు చెబుతాను.

మీకు ఖాళీగా కనిపించే ఎడమ లేను మాకు ఖాళీ కాదు. లారీ సీటు ఎత్తు కాబట్టి మీకంటే ముందుగా, దూరంగా మాకు కొన్ని కనిపిస్తాయి. ఊరు రాగానే ఎడమ పక్కన షేర్ ఆటోలు ఆగి మనుషులను ఎక్కించుకుంటుంటాయి. యూటర్న్ దూరమని రాంగ్ రూట్‌లో ఎదురొచ్చే మోటారు సైకిళ్లు ఆ లేనులోనే వస్తాయి. కోతల కాలంలో అయితే ట్రాక్టర్లు, వరికోత మిషన్లు పోతుంటాయి, కొన్నిచోట్ల రోడ్డు అంచునే వడ్లు ఆరబోస్తారు. కారు అయితే బ్రేకు తొక్కి, పక్కకు తిప్పి, మళ్లీ క్షణాల్లో వేగం అందుకుంటుంది. పది టైర్ల లారీ లోడుతో కలిపి 28 టన్నుల దాకా ఉంటుంది. అది ఒకసారి ఇరవైకి పడిపోతే తిరిగి అరవై చేరడానికి గేర్లన్నీ దింపి ఎక్కించాలి, డీజిల్ పోతుంది, చిన్న ఎత్తు ఉందంటే ఇంకా కష్టం. అందుకని డ్రైవరు అడ్డం రాని లేను చూసుకుని దానిలోనే ఉండిపోతాడు. ఇది సరైన పని అని నేను అనడం లేదు, కారణం చెబుతున్నానంతే.

రెండో సంగతి, ఒక లారీ మరో లారీని దాటేటప్పుడు మీకు కలిగే విసుగు. అరవైతో పోయే లారీని అరవై అయిదుతో పోయే లారీ దాటుతుందనుకోండి. రెండు బండ్ల పొడవు, ముందూ వెనకా ఉండాల్సిన ఎడం కలిపితే దాటే బండి 60 మీటర్లు అదనంగా పోవాలి. గంటకు 5 కిలోమీటర్ల తేడాతో ఆ 60 మీటర్లకు నలభై సెకన్ల పైనే పడుతుంది. ఈలోగా రోడ్డు మీద ముప్పావు కిలోమీటరు గడిచిపోతుంది. వెనక కారులో ఉన్నవారికి అది కావాలని అడ్డం పెట్టినట్టే కనిపిస్తుంది. లారీలకు వేగం 80 దాటకుండా స్పీడ్ గవర్నర్ ఉంటుంది, పైగా లోడు బండి అంత వేగం అందుకోవడమే తక్కువ కాబట్టి, గబుక్కున తొక్కి దాటేయడం మా చేతిలో ఉండదు.

మూడోది, అన్నిటికంటే ముఖ్యమైనది: ఎడమ వైపు. మన దేశంలో డ్రైవరు కుడి వైపు కూర్చుంటాడు. ఎడమ తలుపు పక్కన, క్యాబిన్‌కు ఆనుకుని ఉండే జాగా మాకు దాదాపు గుడ్డి జాగా. పాత రోజుల్లో ప్రతి లారీలో క్లీనర్ ఉండేవాడు. ఎడమ కిటికీలోంచి తల బయటపెట్టి వెనక చూసి, తలుపు రేకు మీద అరచేత్తో చరిచి "రానీ, రానీ" అనో "ఆపు, బండుంది" అనో అరిచేవాడు. డ్రైవరుకు ఎడమ కన్ను వాడే. ఇప్పుడు కిరాయిలు గిట్టక సగం బండ్లలో క్లీనరు లేడు. డ్రైవరు ఒక్కడే, అద్దం ఒక్కటే ఆధారం. మీరు ఎడమ నుంచి దూరినప్పుడు ఆయన ఎడమకు రావడం పగ కాదు. మీ హారన్ విని సైడు ఇద్దామని ఎడమకు వస్తుంటాడు, మీరు అప్పటికే ఆ గుడ్డి జాగాలో ఉంటారు.

కాబట్టి నేను చెప్పేది ఇది. లారీ వెనక అతుక్కోకండి. దాని కుడి అద్దంలో డ్రైవరు ముఖం మీకు కనిపించేంత వెనకగా, కొంచెం కుడిగా ఉండండి. ఆయన ముఖం మీకు కనిపిస్తే మీ కారు ఆయనకు కనిపించినట్టే. ఒక చిన్న హారన్, ఒకసారి డిప్పర్ (హెడ్‌లైటు వెలిగించి ఆర్పడం), తరువాత కాస్త ఆగండి. లోడు బండి లేను మారడానికి సమయం పడుతుంది. అదే పనిగా హారన్ నొక్కుతూ ఉంటే, పగలంతా అటువంటి మోతలే విన్నవాడికి అది మరొక మోతే.

దాటాక వెంటనే లారీ ముక్కు ముందుకు కట్ కొట్టకండి. మీ లోపలి అద్దంలో లారీ ముందు భాగం మొత్తం, టైర్లతో సహా కనిపించాకే ఎడమకు రండి. మావి ఎయిర్ బ్రేకులు. పెడల్ తొక్కాక గాలి గొట్టాల్లో ప్రయాణించి చక్రాలను పట్టుకోవడానికి అరక్షణం ఆలస్యం ఉంటుంది. మాటిమాటికీ తొక్కితే ట్యాంకులో గాలి తగ్గుతుంది. మేము ముందు బండికి వదిలిపెట్టిన ఎడం రోడ్డు మీద వృథాగా పడి ఉన్న స్థలం కాదు, అది మా బ్రేకులో భాగం. ప్రతి కారూ అందులో దూరి బ్రేకు వేస్తే ఆ ఎడం ఎప్పటికీ మిగలదు.

మరొక్క మాట. కొడుకు వయసు కుర్రవాడు అద్దం దించి "ఒరేయ్" అని పిలిస్తే, ఇంటికి దూరంగా ఉండి, సరిగా నిద్ర లేని మనిషి దానికి ఎలా జవాబు చెబుతాడో ఊహించుకోండి. "డ్రైవరన్నా" అని చేయి ఊపి చూడండి.

జవాబు: విశ్రాంత ఎంవీఐ

పాత స్టీరింగు గారు కారణాలు చక్కగా చెప్పారు. అయితే రవాణా శాఖలో మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు (ఎంవీఐ)గా పనిచేసినవాడిగా ఒకటి గుర్తుచేయాలి. నెమ్మదిగా వెళ్లే వాహనం ఎడమనే వెళ్లాలి, కుడి లేను దాటడానికే. దాటించుకునే బండి వేగం పెంచకూడదన్నది కూడా నియమమే. 2018లో కేంద్రం ప్రకటించిన పరిమితుల ప్రకారం మధ్యలో డివైడరు ఉన్న నాలుగు లేన్ల రోడ్డు మీద కార్లకు గరిష్ఠంగా 100, సరుకు వాహనాలకు 80 కిలోమీటర్లు. ఒకే రోడ్డు మీద రెండు వేగాలను చట్టమే ఒప్పుకుంది కాబట్టి, ఆ రెండూ ఢీకొనకుండా చూసేది లేను క్రమశిక్షణ ఒక్కటే. రాంగ్ రూట్ మోటారు సైకిలు ఎదురైనప్పుడు కుడికి వచ్చిన లారీ, అది దాటిపోయాక ఎడమకు తిరిగి రావాలి. పది కిలోమీటర్లు అక్కడే ఉండిపోవడానికి వడ్ల కుప్ప సాకు కాదు.

అదే సమయంలో కారువారు గమనించవలసినది, ఎడమ నుంచి దాటడం ఈ దేశంలో హక్కు కాదు. దాటడం కుడి వైపు నుంచే జరగాలి. ముందు బండి కుడికి తిరుగుతున్నట్టు సూచించిన సందర్భం వంటివి మినహాయింపులు.

డ్రైవరు అలసట గురించి కూడా ఒక మాట. మోటారు రవాణా కార్మికుల పని రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు మించరాదని 1961లోనే చట్టం చేశారు. ఆచరణలో యజమాని ఇచ్చే గడువు, ట్రిప్పుల మీద ఆధారపడే సంపాదన డ్రైవరును రాత్రంతా నడిపిస్తాయి. తెల్లవారుజామున పోలీసులు హైవే మీద లారీలను ఆపి, డ్రైవర్ల చేత ముఖం కడిగించి పంపడం మీరు చూసే ఉంటారు. మంచి పనే, కానీ నీళ్లు నిద్రకు బదులు కావు. ఆ వేళలో ముందున్న లారీ లేనులో అటూ ఇటూ ఊగుతుంటే, దాటాలన్న ఆలోచన మాని దూరంగా ఉండండి.

ప్రమాదం జరిగితే డ్రైవరు పారిపోతాడన్న ఆరోపణ తరచుగా వింటాం. తప్పెవరిదైనా పెద్ద బండి వాడిని ముందు కొట్టడం మన ఊళ్లలో అలవాటైపోయింది, ఆ భయం నిజమైనది. భారతీయ న్యాయ సంహితలో, ప్రమాదం చేసి సమాచారం ఇవ్వకుండా వెళ్లిపోయి మనిషి ప్రాణం పోతే పదేళ్ల వరకు జైలు అన్న 106(2) సెక్షనును చూసి 2024 జనవరిలో డ్రైవర్లు సమ్మె చేసినప్పుడు, హైదరాబాదు పెట్రోలు బంకుల ముందు వరుసలు గుర్తుండే ఉంటాయి. 2024 జూలై 1న సంహిత అమల్లోకి వచ్చినప్పుడు ఆ ఒక్క భాగాన్ని పక్కన పెట్టారు.

జవాబు: రాత్రి డ్యూటీ నర్సు

హైవే పక్కనున్న ఆసుపత్రిలో అత్యవసర విభాగంలో పనిచేస్తున్నాను. పై ఇద్దరూ నడుస్తున్న లారీల గురించే మాట్లాడారు. నాకు భయం ఆగి ఉన్న లారీలంటే.

టీ కోసమో, టైరు పంక్చరు అయ్యో, నిద్ర ఆగకో రోడ్డు అంచున, ఒక్కోసారి సగం లేనులోనే లారీని ఆపేస్తారు. వెనక లైట్లు వెలగవు. వెనక ఎర్ర రంగు, పక్కన పసుపు రంగు రిఫ్లెక్టర్ టేపు ఉండాలని నిబంధన ఉంది, అది బురదతోనో, వేలాడే పట్టాతోనో కప్పుకుపోయి ఉంటుంది. కారు వెళ్లి దాని కిందికి దూరుతుంది. మామూలుగా గుద్దుకున్నప్పుడు ముందు బానెట్టు నలిగి దెబ్బను కొంత మింగుతుంది. కానీ లారీ వెనక భాగం ఎత్తుగా ఉండడం వల్ల బానెట్టు కిందికి పోయి, నేరుగా అద్దం, ఆ వెనకున్న తలలు తగులుతాయి. అక్కడ ఎయిర్‌బ్యాగు చేయగలిగింది తక్కువ. దీనికోసమే లారీ వెనక కింద ఒక అడ్డకమ్మీ ఉంటుంది. రేవుల్లో, క్వారీల్లో అడ్డమవుతుందని దానిని పైకి వంచేసిన బండ్లు, తుప్పుపట్టి ఊగుతున్న బండ్లు మీ కళ్లకూ కనిపిస్తాయి, ఈసారి చూడండి.

దీనికి బరువు, ఎయిర్ బ్రేకు, క్లీనరు లేకపోవడం ఏవీ కారణాలు కావు. ఒక త్రిభుజం బోర్డు, నాలుగు ఇండికేటర్లు వెలిగించడం, గుడ్డతో టేపు తుడవడం ఎంత పని? పాత స్టీరింగు గారూ, మీ బండ్ల వరకైనా చూడగలరా అని అడుగుతున్నాను.

కారువాళ్లకు కూడా చెప్పాలి. వెనక సీటులో బెల్టు పెట్టుకుని మా దగ్గరకు వచ్చినవాళ్లు చాలా అరుదు.

జవాబు: పాత స్టీరింగు

నర్సు అమ్మగారూ, మీ మాటకు ఎదురు చెప్పేది లేదు. మా బండ్లకు లోడు ఎత్తేముందు వెనక లైట్లు, టేపు చూసి ఫోటో పంపితేనే డ్రైవరుకు బత్తా (దారి ఖర్చుల డబ్బు) వేయాలని మా తమ్ముడు పెట్టిన పద్ధతి ఉంది. దానితో పట్టా తాళ్లు టేపు మీద పడకుండా కట్టడం డ్రైవర్లకు అలవాటైంది. కానీ ఆగడానికి చోటు సంగతి కూడా ఆలోచించాలి. లారీలు ఆగడానికి రోడ్డు పక్కన కట్టిన జాగాలు (లేబైలు) దూరదూరంగా ఉన్నాయి. డాబాల దగ్గర జాగా కార్లకు పోయింది, మా బండి లోపలికి వస్తే గేటు దగ్గరే చేయి అడ్డం పెడతారు. బండి చెడి లేనులో ఆగిపోతే మాత్రం 1033కు ఫోను చేస్తే హైవే వాళ్లు వస్తారు. కారులో వెళ్లే మీరు అటువంటి బండిని చూసినా చేయవచ్చు, డ్రైవరే చేయాలని లేదు.

జవాబు: డల్లాస్ నుంచి

సెలవులకు వచ్చి తమ్ముడి కారు తీసుకునే మాలాంటివారికి ఒక హెచ్చరిక. ఇక్కడ అమెరికాలో ఎదుటి బండి హెడ్‌లైటు ఒకసారి వెలిగించి ఆర్పితే చాలా సందర్భాల్లో "మీరు రండి" అని. మన దగ్గర లారీ అదే పని చేస్తే "నేను వస్తున్నాను, ఆగు" అని. డివైడరు మధ్యలో యూటర్న్ కోసం నిలబడి ఉన్నప్పుడు ఈ తేడా ప్రాణాల మీదికి తెస్తుంది.

ప్రశ్న అడిగినవారు: నందిగామ అల్లుడు

అందరికీ ధన్యవాదాలు. ఒక్క అనుబంధ ప్రశ్న. వచ్చే నెల నంద్యాల నుంచి గిద్దలూరు మీదుగా వెళ్లాల్సి ఉంది. అది డివైడరు లేని రోడ్డు, మధ్యలో నల్లమల ఘాటు. అక్కడ ముందున్న లారీ ఇండికేటరు వేస్తే దాటమని అర్థమా, వద్దని అర్థమా?

జవాబు: పాత స్టీరింగు

దాన్ని నమ్మకండి. కుడి ఇండికేటరు వేస్తే కొందరికి "ఎదురుగా బండి వస్తోంది, రావద్దు" అని, కొందరికి "పో" అని, కొందరు నిజంగానే కుడికి తిరుగుతారు. మన వైపు ఎక్కువమంది దారి ఇస్తున్నామని చెప్పడానికి ఎడమది వేస్తారు, కానీ ఉత్తరాది బండ్లు అదే రోడ్డు మీద తిరుగుతాయి, వాటి పద్ధతి వేరు. చేయి బయటపెట్టి రమ్మన్నా సరే, ఎదుటి రోడ్డు మీ కళ్లకు కనిపించాకే కదలండి. మలుపులో లారీకి ముందు ఏముందో ఆ డ్రైవరుకు తెలుస్తుంది, కానీ మీ కారు ఎంత వేగంగా పికప్ అందుకుంటుందో ఆయనకు తెలియదు.

ఘాటులో ఇరుకైన చోట ఎదురుపడితే ఎక్కే బండికి దారి ఇవ్వాలన్నది నియమం. మీరు దిగుతుంటే పక్కకు తీసి ఆగండి. లోడుతో ఎక్కేటప్పుడు ఒకసారి ఆగిన లారీ మళ్లీ కదలాలంటే క్లచ్ పళ్లెం కాలినంత వాసన వస్తుంది. దిగే లారీ వెనక అయితే మరీ దగ్గరగా పోకండి. మొదటి, రెండో గేరులో అది నత్తలా పోతున్నదంటే డ్రైవరు బ్రేకులు వేడెక్కకుండా కాపాడుకుంటున్నాడని అర్థం. ఘాటు దిగేదాకా హారన్ కొట్టకుండా వెనకాలే ఉండండి. కిందికి దిగాక రోడ్డు వెడల్పయిన చోట ఆయనే ఎడమకు తీస్తాడు.