వడగాడ్పు మరణాలను క్రైస్తవ సంఘంలో న్యాయసమస్యగా ఎలా బోధించాలి?

సహోదరీ సహోదరులకు వందనములు. 2015 మే నెలలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో వడగాడ్పులకు వెయ్యి మందికి పైగా మరణించారు. వారిలో ఎందరో ఎండలో పని మానుకుంటే పూట గడవని కూలీలు, వృద్ధులు. అదే నెల 24న పోప్ ఫ్రాన్సిస్ పర్యావరణ పరిరక్షణ గురించి రాసిన 'లౌదాతో సీ' అనే లేఖపై సంతకం చేసి, భూమి మొరనూ పేదల మొరనూ కలిపి వినాలని కోరారు. మేము ప్రొటెస్టెంట్లమైనా ఆ మాట నన్ను వదలలేదు.

మా సంఘంలో ఉపాధి హామీ పనికి వెళ్లే స్త్రీలే ఎక్కువ. బొగ్గునూ పెట్రోలునూ అతి తక్కువగా వాడినవారే ఈ వేడిని అందరికంటే ముందుగా భరిస్తున్నారు కనుక, ఇది చెట్లు నాటడంతో తీరే విషయం కాదనీ, యాకోబు 5:4లో వినిపించే కూలివారి మొరకు చెందినదనీ నా నమ్మకం. అయితే పెద్దలు లూకా 21వ అధ్యాయం చూపి, ఇవి అంత్యదినాల సూచనలనీ ప్రార్థన చాలుననీ అంటున్నారు. వారిని నొప్పించకుండా, ఆ వాక్యాన్ని తోసిపుచ్చకుండా నేను ఎలా జవాబివ్వాలి? భూమి తనదేనని దేవుడు చెప్పిన లేవీయకాండము 25:23తో పాఠం మొదలుపెట్టడం సరైనదేనా? వేసవి మధ్యాహ్నాలలో మందిరాన్ని కూలీలకు నీడగా తెరిచిన సంఘాలేవైనా ఉంటే, అక్కడ మొదట వచ్చిన అభ్యంతరాలేమిటో, పెద్దలను ఎలా ఒప్పించారో దయచేసి వివరంగా తెలియజేయండి.