మత్తులో ఎంఆర్ఐ: చర్మం కాలకుండా ముందే ఏమి అడగాలి?

అమ్మకు వచ్చే వారం నడుము ఎంఆర్ఐ, 3 టెస్లా (అయస్కాంత బలానికి కొలత) యంత్రంలో. నొప్పితో కదలకుండా పడుకోలేకపోతోంది కాబట్టి మత్తు ఇచ్చి చేస్తారట. నా భయమంతా అక్కడే. ఎక్కడైనా చురుక్కుమన్నా ఆమె చెప్పే స్థితిలో ఉండదు, బజర్ నొక్కే మాటే లేదు.

యంత్రం పంపే రేడియో తరంగాల వల్ల తీగల్లో, ఒంట్లో విద్యుత్తు పుట్టి చర్మం కాలే ప్రమాదం ఉందని చదివాను. ఈసీజీ తీగలు చుట్టలు పడినా, చేయి తొడకు ఆనుకున్నా, పిక్కలు ఒకదానికొకటి తగిలినా, ఒళ్లు యంత్రం లోపలి గోడకు తాకినా ఇదే ముప్పు. లోహపు దారాలున్న దుస్తులూ అంతే. అమ్మ భుజానికి నొప్పి మందు పట్టీ ఉంది. కొన్ని పట్టీల వెనుక పలుచని అల్యూమినియం పొర ఉంటుందట. దాన్ని ఎవరిని అడిగి తీయించాలి? మళ్లీ కొత్తది ఎప్పుడు వేయాలి?

ఎంఆర్ఐ గదిలో పనిచేసేవారు, మత్తు వైద్యులు దయచేసి చెప్పండి. మత్తులో ఉన్నవారి చేతులకు, కాళ్లకు మధ్య మెత్తలు తప్పకుండా పెడతారా, లేక మేమే అడగాలా? ఆక్సిజన్ చూసే వేలి క్లిప్పు ఎంఆర్ఐకి తగినదేనని ఎలా తెలుసుకోవాలి? 1.5 టెస్లా యంత్రం కోరడంలో అర్థం ఉందా?