సమస్య: చూడ చక్కని చిత్రము చూడలేము

ఇది చివరి పాదం. పైన మూడు పాదాలు చేర్చి తేటగీతి అనే పద్య ఛందస్సులో పూరించండి. పండగ సెలవుల్లో టీవీలో మళ్ళీ వేసిన ‘చెలియా’ మీద మన తిరుపతి మిత్రులు గొడవపడుతుంటే పుట్టిన పాదం ఇది. మణిరత్నం 2017 సినిమా. కార్తి ఎయిర్‌ఫోర్స్ పైలట్, అదితిరావు హైదరీ డాక్టర్, 1999 కార్గిల్ యుద్ధ కాలం. సినిమా మీదే రాయాలని రూలేమీ లేదు.

చంద్రగిరి మాష్టారు:
మంచు కొండల వెన్నెల మత్తు చల్లె
రాగములు రెహమానువి రక్తి కట్టె
కథయె లేదయ్య, కన్నీరు కాన రాదు
చూడ చక్కని చిత్రము చూడలేము

నిర్వాహకుడు: నడక హాయిగా ఉంది మాష్టారూ. రెహమాన్‌కి దీని తమిళ మాతృకకే జాతీయ అవార్డు వచ్చింది. అందులో పాట పాడి అవార్డు అందుకున్న గాయని శాషా ఇంటిపేరు కూడా తిరుపతే, మనకో చిన్న గర్వం! కానీ ఇది పద్యంలో రివ్యూ. చక్కనిదైతే ఎందుకు చూడలేమన్న చిక్కు అలాగే ఉంది, మీరు విప్పలేదు.

పుత్తూరు కుర్రాడు: నాకు ఒక పాదమే వచ్చింది సార్. ‘ప్రేమ కథ యని వెళ్ళితి పాట వినగ’.

నిర్వాహకుడు: గణాలు (పాదం లయ) సరే, యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన జత అక్షరం) తప్పింది నాయనా. ప్రే, పా రెండూ పకారాలే అయినా ఏ, ఆ లకు మైత్రి లేదు. ‘పాట వినగ’ బదులు ‘పేరు చూసి’ అని మార్చు. యతి కుదురుతుంది, నిజమూ బయటపడుతుంది. ‘గీతాంజలి’ తీసిన మనిషి కదా అనే మనమంతా వెళ్ళింది!

చిత్తూరు అక్క:
ప్రేమ యనుచును చెలియను బెదరగొట్టు
వీడు నాయకుడా యని వెగటు పుట్టె
ఆడపిల్లలు గల యింటి యమ్మలముగ
చూడ చక్కని చిత్రము చూడలేము

చంద్రగిరి మాష్టారు: మొదటి పాదంలో ప్రే-బె వర్గయతి (ఒకే వర్గపు హల్లుల జత), బాగా పట్టావమ్మా. నేను కథ లేదన్నాను. కథ ఉంది, దాని తీరే బాగాలేదని నువ్వంటున్నావు. నలుగురిలో చులకన చేయడం, తర్వాత బతిమాలుకోవడం, ఆ పిల్ల మళ్ళీ కరిగిపోవడం. రవివర్మన్ కెమెరా ఎంత అందంగా చూపిస్తే అంత ఇబ్బందిగా ఉంటుంది.

భవానీనగర్ సామి:
కొండ దిగివచ్చి హాలులో కూలబడిన
గుండులే ముందు వరుసలో కొలువు దీరె
తెర వెలుగులెల్ల తలలపై తిరిగి మెరిసె
చూడ చక్కని చిత్రము చూడలేము

పుత్తూరు కుర్రాడు: సామీ! ఇది తిరుపతిలో తప్ప ఇంకెక్కడా పుట్టదు.

నిర్వాహకుడు: నా ఓటు దీనికే. సినిమా చక్కనిదే, చూపు ఆగింది మాత్రం గుండ్ల దగ్గర. చిక్కు పూర్తిగా విడిపోయింది. అక్క పద్యంలో కోపం గొప్పది. కానీ ‘చక్కని’ అన్న మాటకు మొదటి మూడు పాదాల్లో ఆధారం దొరకలేదు.

చిత్తూరు అక్క: సినిమాలోనూ దొరకలేదు సార్, ఫొటోలు తప్ప. గుండ్లు అడ్డం లేని వరుసలో కూర్చుని చూసినదాన్ని, నా పద్యం మార్చను.