కంచుకోటలేం కావు: ఒక ఐరిష్ వ్యాఖ్యాత మాటకి తెలుగు కావాలి

నాలుగు రోజులుగా ఒకే వాక్యం దగ్గర కూర్చున్నాం, నేనూ మా నాన్నా. గ్రూపులో పెద్దలు కాస్త చెయ్యి వెయ్యాలి.

మేం ఉండేది ఐర్లండ్‌లో, కార్క్‌లో. నాన్న రిటైరైన పీఈటీ మాస్టారు. ఈ చలికాలం మా దగ్గర ఉందామని వచ్చారు. పక్కింటి పెద్దాయన క్రిస్మస్‌కి నాన్న చేతిలో ఒక పుస్తకం పెట్టారు. షాన్ ఓగ్ ఓ హాల్‌పిన్ అనే హర్లింగ్ ఆటగాడి ఆత్మకథ. ఇక్కడ ఇది మామూలే. చలి మొదలైందంటే పుస్తకాల షాపుల్లో ముందు బల్ల మీద గేలిక్ ఫుట్‌బాల్, హర్లింగ్ ఆటగాళ్ళ ఆత్మకథలు పేర్చేస్తారు. నాన్నకో మావగారికో ఏం కొనాలో తోచనివాళ్ళు తలా ఒకటి పట్టుకుపోతారు, మన పెళ్ళిళ్ళకి గోడ గడియారం పట్టుకెళ్ళినట్టు. కాకపోతే వీటిని చదువుతారు కూడా.

హర్లింగ్ తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. జట్టుకి 15 మంది. చేతిలో అడుగున వెడల్పుగా, కొంచెం వంపు తిరిగిన కర్ర. చిన్న తోలు బంతి. గోల్‌పోస్టు అడ్డకర్రకి కిందనుంచి వలలో పడితే 3 పాయింట్లు, పైనుంచి వెళ్తే 1. ఆడేవాళ్ళకి జీతం లేదు. ఆదివారం క్రోక్ పార్క్‌లో 82 వేల మంది ముందు ఫైనల్ ఆడినవాడు ఆ వారంలోనే మళ్ళీ బడికో బ్యాంకుకో పోవాలి. అందుకేనేమో ఈ ఆత్మకథల్లో డబ్బు గొడవ తక్కువ. ఊరు, ఇల్లు, అమ్మానాన్నల సంగతులే ఎక్కువ.

ఆ కర్రని ఐరిష్‌లో 'కమాన్' అంటారని పక్కింటాయన చెబితే నాన్న ఎగిరి గంతేశారు. 'కామ్' అంటే వాళ్ళ భాషలో వంకర. మన కమాను పారశీకం నుంచి వచ్చింది, అదీ వంగిందే. "చూశావా, వంగినదల్లా కమానే" అని రెండు రోజులు అదే పాట.

అసలు వాక్యానికి వస్తాను. పుస్తకం ఇస్తూ పెద్దాయన ఒక మాట అన్నారు. ఆయన సొంతం కాదు, రేడియో వ్యాఖ్యాత మీహాల్ ఓ మురహర్తీది. ఈ దేశంలో అందరికీ నోటికి వచ్చిన మాట. షాన్ ఓగ్ దగ్గరికి బంతి వచ్చినప్పుడు, అతని తండ్రిది ఫర్మానా, తల్లిది ఫీజీ అని చెప్పి, ఆ రెండింటిలో ఏదీ హర్లింగ్‌కి 'స్ట్రాంగ్‌హోల్డ్' కాదని ('నైదర్ ఎ హర్లింగ్ స్ట్రాంగ్‌హోల్డ్') ముగించాడట. మొహంలో నవ్వు లేకుండా, స్కోరు చెప్పినంత మామూలుగా.

ఫర్మానా ఉత్తరాన ఉన్న కౌంటీ, అంటే మన జిల్లా లాంటిది. అక్కడ ఆడేది ఎక్కువగా గేలిక్ ఫుట్‌బాల్. హర్లింగ్ అంటే దక్షిణాది కార్క్, కిల్‌కెన్నీ, టిప్పరేరీలదే పెత్తనం. ఇక ఫీజీ అంటారా, పసిఫిక్ మధ్యలో దీవులు! రెండింటినీ ఒకే తక్కెడలో పెట్టడంలో ఉంది ఆయన చమత్కారం.

ఈ పుస్తకాన్ని తెనాలిలో ఉన్న స్నేహితుడికి, రిటైరైన ఇంగ్లీషు మాస్టారికి కానుకగా ఇవ్వాలని నాన్న పట్టుదల. మొదటి పేజీలో ఈ మాట తెలుగులో రాసి మరీ ఇవ్వాలట. నేను "రెండూ హర్లింగ్‌కి కంచుకోటలు కావు" అన్నాను. నాన్నకి నచ్చలేదు. "కంచుకోట అంటే ఎమ్మెల్యే గుర్తొస్తాడు, ఆటగాడు కాదు" అన్నారు. ఏం చెయ్యను?

జవాబు, వరంగల్ నుంచి:

నాన్నగారన్నది నిజమే. పేపర్లో కంచుకోట కనపడితే పక్కన పార్టీ పేరు ఉండాల్సిందే. "పెట్టింది పేరు" వాడి చూడండి. "ఏదీ హర్లింగ్‌కి పెట్టింది పేరు కాదు." ఇంతకీ ఆ కర్రాట వింటే మా చిర్రగోనె గుర్తొచ్చింది. మీ దిక్కు బిళ్ళంగోడు అంటరు కదా.

జవాబు, విజయనగరం నుంచి:

'పెట్టింది పేరు' మెచ్చుకోలుకే బాగుంటుంది. బొబ్బిలి వీణకి పెట్టింది పేరు అంటాం. కానీ "ఫలానా ఊరు వీణకి పెట్టింది పేరు కాదు" అని ఎవరైనా అంటారా? కాదు అనగానే ఆ నుడికారం కుంటుతుంది. కంచుకోటే నయం. అందులో కోట ఉంది, ఇంగ్లీషు మాటలోనూ కోట ఉంది. ఎన్నికలవాళ్ళు ఎత్తుకుపోయారని మనం వదిలేసుకుంటామా?

ఇంకోటి గమనించారా? "తండ్రిది ఫర్మానా, తల్లిది ఫీజీ." త-త, ఫ-ఫ. చెవికి ఎంత ఇంపుగా ఉందో.

జవాబు, గ్రూపులోని మాస్టారి నుంచి:

ఇంపుగానే ఉంది, యతి మాత్రం సగమే కుదిరింది. తండ్రి, తల్లిల్లో హల్లూ అచ్చూ రెండూ కలిశాయి, చెల్లుతుంది. ఫర్మానాలో అకారం, ఫీజీలో ఈకారం. హల్లు కలిసినా అచ్చు కలవలేదు, చెల్లదు. వచనం కాబట్టి వదిలేస్తున్నాను. పద్యమైతే వదిలేవాణ్ణి కాదు.

మరో మాట. మీరు ఆత్మకథ అన్నారు. వీరేశలింగంగారు స్వీయచరిత్రము అన్నారు. ఇది ఆటగాడు స్వయంగా రాశాడా?

మళ్ళీ నేను:

మాస్టారూ, యతి సంగతి నాన్నకి చదివి వినిపించాను, దండం పెట్టారు. ఈ రకం పుస్తకాలు చాలావరకు ఆటగాడు చెబుతుంటే పత్రికా విలేఖరి రాసినవి. వ్యాసుడు చెప్పగా వినాయకుడు రాసినట్టే, కాకపోతే ఇక్కడ వినాయకుడి పేరు అట్ట మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది. అలాంటిదాన్ని 'స్వీయ' అనడానికి నాకు నోరు రాదు. 'ఆత్మకథ' అంటే పర్వాలేదు. కథ అతనిదేగా, చెయ్యి ఎవరిదైతేనేం.

జవాబు, ఆక్లండ్ నుంచి:

ఫీజీ అన్నారు కాబట్టి అడుగుతున్నా. 1903 నుంచి మద్రాసు రేవు మీదుగా మనవాళ్ళు బోలెడుమంది అక్కడికి గిర్మిట్ (ఒప్పంద) కూలీలుగా వెళ్ళారు. వాళ్ళ మనవలు ఇక్కడ నాకు తెలుసు. ఈ తల్లి కొంపదీసి తెలుగావిడ కాదు గదా?

నేను:

నాన్న కూడా మొదట ఇదే అడిగారు, గొంతులో ఆశతో! కాదండీ. ఆవిడది ఫీజీకి చెందిన రొటుమా దీవి. వాళ్ళ జాతి వేరు, భాష వేరు. షాన్ ఓగ్ అక్కడే 1977లో పుట్టాడు, కొన్నేళ్ళు సిడ్నీలో పెరిగి, 1988లో కుటుంబంతో కార్క్ వచ్చాడు. 'ఓగ్' అంటే చిన్న. తండ్రి పేరూ షానే కాబట్టి ఇతను చిన్న షాన్, మన ఇళ్ళలో తాత పేరు పెట్టిన పిల్లాణ్ణి చిన్నోడా అన్నట్టు. కార్క్ వచ్చాక హర్లింగ్ పట్టాడు, ఐరిష్ భాషా పట్టాడు. 2005లో కార్క్ ఆల్ ఐర్లండ్ (దేశం మొత్తానికి జరిగే పోటీ) గెలిచినప్పుడు కెప్టెన్ ఇతనే. కప్పు అందుకుని మొత్తం ప్రసంగం ఐరిష్‌లో చేశాడు. ఇక్కడ పుట్టి పెరిగినవాళ్ళలోనే ఎక్కువమందికి అది చేతకాదు. మా పక్కింటాయన ఈ సంగతి చెబుతూ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. వ్యాఖ్యాత మాటకి అంత పేరు రావడానికి అదీ ఒక కారణం అనిపిస్తుంది. కంచుకోట కాని చోటునుంచి వచ్చినవాడే కోట బురుజెక్కాడు.

జవాబు, డబ్లిన్ నుంచి:

అక్కా, మా మేనేజర్‌కి ఇలాంటి పుస్తకమే ఇద్దామనుకుంటున్నా. ఏది కొనను? టెన్షన్‌గా ఉంది.

నేను:

ముందు ఆయనది ఏ కౌంటీయో కనుక్కో. హెన్రీ షెఫ్లిన్ 10 ఆల్ ఐర్లండ్ పతకాలు గెలిచిన మహానుభావుడే, కానీ కిల్‌కెన్నీవాడు. ఆయన పుస్తకం తీసుకెళ్ళి కార్క్‌వాడి చేతిలో పెడితే నవ్వుతూ థాంక్స్ చెప్పి అటకెక్కిస్తాడు. మీ ఊరివాడే కావాలంటే డబ్లిన్ ఫుట్‌బాలర్ ఫిల్లీ మెక్‌మాన్ ఉన్నాడు. కానీ అందులో హెరాయిన్‌కి బలైన అన్న కథ ఉంది. ఆర్మా ఆటగాడు ఓషీన్ మెకాన్‌విల్ తన జూదం వ్యసనం గురించి చెప్పుకున్నాడు. పండగపూట రంగు కాగితం విప్పేవాడికి ఏది ఇస్తున్నామో చూసుకుని ఇవ్వాలి. నన్నడిగితే రెండూ మంచి పుస్తకాలే, మేనేజర్‌కి మాత్రం వద్దు.

జవాబు, విజయనగరం నుంచి మళ్ళీ:

దారి తప్పుతున్నాం. అమ్మా, మీ వాక్యంలో లోపం 'కంచుకోట' కాదు, 'కావు'. "కంచుకోటలు కావు" అంటే పరీక్షలో తప్పొప్పులు దిద్దినట్టుంది. "కంచుకోటలేం కావు" అనండి. ఆ 'ఏం' ఒక్కటి పడితే మాట్లాడే మనిషి కనపడతాడు. "వాళ్ళు ఉన్నవాళ్ళు కాదు" వేరు, "వాళ్ళేం ఉన్నవాళ్ళు కాదు" వేరు.

జవాబు, మాస్టారి నుంచి:

ఒప్పుకోను. 'ఏం' పెడితే కన్నుగీటినట్టు అవుతుంది. ఆ వ్యాఖ్యాత కన్నుగీటలేదని ఆవిడే రాశారు.

నేను, ఆదివారం రాత్రి:

రెండూ నాన్న చేత పైకి చదివించాను. ఒకప్పుడు రేడియోలో క్రికెట్ కామెంట్రీ విని బడి పిల్లలకి స్కోరు చెప్పిన గొంతు అది. 'ఏం' లేకుండా చదివితే వాక్యం దబ్బున కిందపడింది. ఉన్నప్పుడు, నిజమే మాస్టారూ, కొద్దిగా కన్నుగీటింది. కానీ ఇంగ్లీషులో ఆ గీటు 'నైదర్' అనే మాటలోనే దాగుంది, మనకి దాచుకోవడానికి 'ఏం' తప్ప చోటు లేదు. "పాపం" అని కూడా చేర్చి చూశాం. మరీ ఏడుపుగొట్టుగా ఉందని నాన్నే కొట్టేశారు. ఎమ్మెల్యే అభ్యంతరం కూడా ఆయనే వెనక్కి తీసుకున్నారు. కోట మనదే, వాళ్ళు అద్దెకున్నారు అన్నారు.

మొదటి పేజీలో నా చేత ఇలా రాయించారు:

"తండ్రిది ఫర్మానా, తల్లిది ఫీజీ. రెండూ హర్లింగ్‌కి కంచుకోటలేం కావు."

ప్యాక్ చేద్దామని ఇప్పుడే తెరిచి చూశాను. కింద నీలం ఇంకుతో, నాన్న గొలుసుకట్టు రాతలో ఇంకో ముక్క ఉంది: "తెనాలీ కాదు."